కడగని ఫిల్ముల నక్షత్రం

23-11-1986, ఆదివారం
మబ్బుగా ఉంది. ఉదయం కాస్త తుంపర పడి ఆగింది. కోళ్ళగూడు తలుపుకి కొత్త బందు వేశాను.

చెల్లి విజయరాణికి,

ఇక్కడ ఎవరికీ ఏమీ కాలేదు. ఈ మాట మొట్టమొదట రాయమని మీ వదిన రిబ్కమ్మ చెప్పింది. మూడేళ్ల తర్వాత నా చేతిరాత చూస్తే నువ్వు కంగారు పడతావట.

సంగతేమిటంటే, ఈసారి క్రిస్మస్ పూజకి నూజివీడు నుంచి ఫాదర్‌గారు మన గుడికే వస్తున్నారు. అలంకరణ ఎవరు చేస్తారని, ఫాదర్ లేనప్పుడు మన గుడిని నడిపించే ఉపదేశి చిన్నరాయప్పగారు పోయిన ఆదివారం అడిగారు. అందరూ నేల చూపులు చూశారు. నేనూ చూశాను. కానీ మిగతావాళ్ళ కంటే ఒక్క క్షణం ముందు తల ఎత్తాను.

"బాలశౌరీ, మీ చెల్లెలు ఉన్నన్నాళ్ళూ పైసా ఖర్చు లేకుండా గుడిని పెళ్ళికూతుర్ని చేసేది. ఆ చెయ్యి మీ ఇంటిదేగా!" అన్నారు.

చెయ్యి మా ఇంటిదే, అది కాకినాడలో ఉందని చెప్పబోయి ఊరుకున్నాను. నేను ఊరుకుంటే జనం ఒప్పుకున్నాననుకుంటారు. నా నెత్తిమీదికి వచ్చిన పనులన్నీ ఇలాగే వచ్చాయి.

మామిడికాయల షెడ్డులో పదిహేనేళ్లుగా పెట్టెలు కొడుతున్నవాణ్ణి, అయిదు కొమ్ముల నక్షత్రం ఎంతలే అనుకున్నాను. పెట్టెకి నాలుగు మూలలు. అయిదో మూల దగ్గరికి వచ్చేసరికి నా విద్య అయిపోయింది. వెదురుబద్దలతో కట్టింది ఎత్తి పట్టుకుంటే ఎండ్రకాయలా ఉంది. మీ వదినకి చూపించి అదే మాట అన్నాను. "ఎండ్రకాయకి కాళ్ళు రెండువైపులా సమానంగా ఉంటాయండీ" అంది. జిగురు ఉడకబెట్టబోతే అట్టు అయింది. దాన్ని కోళ్ళు కూడా తినలేదు.

కాబట్టి నక్షత్రం కట్టడం, జిగురు కాచడం, నువ్వు గుమ్మానికి కట్టే గాజుల గొలుసు, ఆ వెండి పూలు, ఇవన్నీ ఎలా చేస్తావో వివరంగా రాయి. గుడి బయట కట్టే నక్షత్రానికి కాగితం పనికిరావడం లేదు. మంచుకి తడిసి చిరిగిపోతోంది. తడవనిది ఏదైనా ఉంటే చెప్పు.

మన గేదె ఈనింది. దూడ బాగుంది. అక్కడ నీకూ పాపకూ చలి ఎలా ఉంది?

తొందరపడి తల ఎత్తిన నీ అన్నయ్య,
బాలశౌరి


కాకినాడ
29-11-1986

అన్నయ్యా,

ఎవరికీ ఏమీ కాలేదని మొదటి లైనులోనే రాసినా, రెండో పేజీ చివరిదాకా ఏదో దాస్తున్నావనే చదివాను. తీరా చూస్తే మైదా జిగురు! వార్డులో ఈ మాట చెప్తే నాతోటి నర్సులు పడీ పడీ నవ్వారు.

సరే, విను. నక్షత్రానికి పెట్టె లెక్క వద్దు. సమానమైన అయిదు బద్దలు తీసుకో. పలక మీద చెయ్యి ఎత్తకుండా నక్షత్రం గీసేవాళ్ళం కదా, ఆ గీత పోయిన దారినే బద్దలు పేర్చుకుంటూ పో. ఒకటి కింద నుంచి, ఒకటి పై నుంచి. కలిసిన చోటల్లా దారం. అలాంటివి రెండు కట్టి, మధ్యలో జానెడు పుల్లలు నిలబెడితే లోపల బల్బుకి చోటు వస్తుంది.

జిగురుకి మైదాని ముందు చన్నీళ్ళలో కలిపి, తర్వాత పొయ్యి మీద పెట్టాలి. చిటికెడు మైలుతుత్తం మర్చిపోకు. అది లేకపోతే నీ అలంకరణ ఎలుకలకీ మేకలకీ పండగ భోజనం.

పగిలిన గాజుముక్కని దీపం మంట మీద పెడితే వంగుతుంది. ఒకదాంట్లో ఒకటి దూర్చుకుంటూ పోతే గొలుసు. వెండి పూలకి సిగరెట్ పెట్టెల్లో కాగితం. నువ్వు కాల్చవు కాబట్టి టీ బంకు దగ్గర ఏరుకో. చెట్టు కావాలంటే మామిడి మీద మాత్రం చెయ్యి వెయ్యకు. పూతకొచ్చే కాలం, తోటవాళ్ళు నిన్నే చెట్టుకి కట్టేస్తారు. ఎండు తుమ్మకొమ్మ తెచ్చి, బూరుగుదూది చల్లి, ముళ్ళకి కోడిగుడ్డు పెంకులు తగిలించు. బాగుంటుంది.

తడవని నక్షత్రానికి ఉపాయం మా ఆయనది. పాత ఎక్స్‌రే ఫిల్ములు. తగలబెట్టడానికి పక్కన పెట్టినవాటిలోంచి పెద్ద డాక్టరుగారిని అడిగి తెచ్చారు. వాటిని ఏం చెయ్యాలో ఒక చీటీ రాసి పార్సెల్లో పెడుతున్నారు. అది చదివి చెయ్యి.

ఇప్పుడు నా మాట. నీ ఉత్తరంలో గేదె ఉంది, దూడ ఉంది. ఆయన లేరు. ఆయన పేరు సత్యనారాయణ. ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తారు. నీకు తెలియక కాదు. ఆయన మన మతం కాదనీ, రిజిస్టరాఫీసులో సంతకాలు పెట్టామనీ నువ్వు పెళ్ళికి రాలేదు. నేనేమీ అనలేదు. ఇప్పుడు మాత్రం ఒక్కటి అడుగుతున్నాను. పండక్కి మేము ముగ్గురం రావాలని ఉంది. నువ్వు రమ్మంటేనే వస్తాం. రమ్మంటావా?

నీ చెల్లెలు,
విజయరాణి

(ఈ కాగితం మూల కొరికింది మా పాప లేయా. అది దాని సంతకం.)


7-12-1986, ఆదివారం
పొద్దున దట్టంగా మంచు. ఎనిమిదింటికి గాని ఎదుటి తోట కనపడలేదు. పాక వెనక గోడకి మట్టి మెత్తాను.

చెల్లి విజయరాణికి,

పార్సెల్ అందింది. చీటీ కూడా అందింది.

నక్షత్రం కుదిరింది. నువ్వు చెప్పినట్టు చెయ్యి ఎత్తకుండా పోయాను. మూడోసారికి మొదలుపెట్టిన చోటికే వచ్చాను. ఆ సంతోషంలో అది నా చొక్కాతో సహా కట్టేశానని గమనించలేదు. గుండీ కోసి బయటపడ్డాను.

జిగురులో మైలుతుత్తం మర్చిపోయాను. నలభై మూరల రంగు కాగితాల గొలుసు అరుగు మీద ఆరబెట్టి స్నానానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి పక్కింటి బుజ్జమ్మత్త మేక నోట్లో ఆఖరి మూర ఉంది. ఎర్రది.

"అత్తా, నీ మేక మా పండగ తినేసింది" అన్నాను.

"దానికేమన్నా అయితే నిన్నే అడుగుతా. రంగుల్లో ఏం కలిపావు?" అంది. సాయంత్రం దాకా ఆవిడ మేక పక్కన కూర్చుంది, నేను ఆవిడ పక్కన కూర్చున్నాను. మేక మా ఇద్దరికంటే ఆరోగ్యంగా ఉంది.

గాజుల గొలుసు బాగా వచ్చింది. వేళ్ళు నాలుగు కాలాయి. తుమ్మకొమ్మని గుళ్ళో పెట్టాను. దూది చెట్టు మీద కంటే నా మీద ఎక్కువ ఉంది. ఉపదేశిగారు చూసి, "ఇద్దర్లో చెట్టు ఎవరయ్యా?" అన్నారు.

ఫిల్ములు నల్లగా ఉన్నాయి. వెనక బల్బు పెడితే వెలుగు వస్తుందని నాకు నేనే ఆలోచించుకుని కత్తిరిస్తున్నాను. అన్నిటికీ మూలలు తెగి ఉన్నాయి. పారేసే సరుకు కదా, ఏం అంటాం. సర్దుకుంటున్నాను.

పండగ రోజుల్లో బస్సులు కిటకిటలాడుతుంటాయి. విజయవాడలో ఒకసారి, నూజివీడులో ఒకసారి మారాలి. ఇక్కడ మంచు ఎక్కువగా ఉంది, పసిపిల్లకి దగ్గు పట్టుకుంటుంది. మీ ఇష్టం.

నీ అన్నయ్య,
బాలశౌరి


కాకినాడ
12-12-1986

అన్నయ్యగారికి,

మీ ఉత్తరం అందింది. బస్సులు కిటకిటలాడతాయన్నారు. మంచు ఎక్కువన్నారు. పిల్లకి దగ్గన్నారు. రావద్దని ఒక్క మాట రాస్తే సరిపోయేది, ఇన్‌లాండ్ కవరులో చోటు మిగిలేది.

పండగ నాడు డ్యూటీ వేయించుకున్నాను. సెలవు కావాల్సినవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. ఎవరో ఒకరు వాళ్ళ అన్నయ్య దగ్గరికి వెళ్తారు.

ఫిల్ముల మీద నలుపు పూర్తిగా వదిలిందా, లేత నీలం మిగిలిందా అని ఆయన అడగమన్నారు. నీలం మిగిలితే నక్షత్రానికి అందంగా ఉంటుందట. మూలల సంగతి మాత్రం నేను ఆయనకి చదివి వినిపించలేదు.

వదినని అడిగానని చెప్పండి.

విజయరాణి


17-12-1986, బుధవారం
చలి. ఆకాశం నిర్మలంగా ఉంది. ఈ రోజు ఇప్పటిదాకా ఏ పనీ చెయ్యలేదు. ఈ ఉత్తరమే పని.

విజయా,

నన్ను ‘మీరు’ అనకు. నిన్ను ఎత్తుకుని నూజివీడు కోట చూపించినవాణ్ణి. రావద్దని నేను రాయలేదు. రమ్మని రాయడం చేతకాక బస్సుల గురించి రాశాను. నాలుగో క్లాసుతో బడి మానేసి, పెట్టెల్లో పరిచే పాత పేపర్లు చదివి అక్షరాలు గట్టిపరుచుకున్నాను. ఆ పేపర్లలో ధరలు ఉండేవి, వాతావరణం ఉండేది. చెల్లెల్ని ఇంటికి పిలవడం ఎలాగో ఉండేది కాదు.

ముందు నక్షత్రం సంగతి చెప్పాలి.

ఆదివారం పొద్దు వాలాక గుడి ముందు కట్టి, పరీక్షకని అందరినీ పిలిచాను. నాకు ఎవరినీ పిలిచే అలవాటు లేదని నీకు తెలుసు. ఆ రోజు గర్వం పట్టలేక పిలిచాను. ఉపదేశిగారు స్విచ్చి వేశారు. పై కొమ్ములో ఎవరివో పక్కటెముకలు వెలిగాయి. కుడి కొమ్ములో అరచెయ్యి, అయిదు వేళ్ళూ చాచి. ఎడమ కొమ్ములో దవడ, పళ్ళతో సహా. కింది రెండు కొమ్ముల్లో చెరో తుంటి.

ముందు వరసలోవాళ్ళు రెండడుగులు వెనక్కి వేశారు.

"ఓరి నాయనో, ఇవెవరి బొమికలు బాలశౌరీ!" అని బుజ్జమ్మత్త అరిచింది.

"ఎవరివైతేనేం అత్తా, పరీక్షకే కదా."

"ఎవరివైతేనేమా? రేపు వాళ్ళొచ్చి అడిగితే ఏం చెప్తావు?"

వెనక నుంచి ఎవరో, "ఆ దవడ అచ్చం మా మావదేనండీ, ఆ వంకర పన్ను చూడండి" అన్నారు. దాంతో జనం ముందుకి తోసుకొచ్చి పళ్ళు చూడ్డం మొదలుపెట్టారు. ఉపదేశిగారు తలపాగా తీసి మళ్ళీ చుట్టుకుని, "నక్షత్రం వెంట బాలయేసు దగ్గరికి వెళ్ళిన ఆ జ్ఞానులు ముగ్గురూ దీన్ని చూసి ఉంటే ఒంటెల్ని అటునుంచటే తిప్పేసేవాళ్ళయ్యా" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఏడవాలి.

ఇంటికొచ్చాక మీ వదిన అడిగింది. "ఆ పార్సెల్లో చీటీ ఒకటుందన్నారుగా, అందులో ఏం రాశారండీ?"

నేను చీటీ చదవలేదు విజయా. మడత కూడా విప్పలేదు. పైన ఆయన చేతిరాత కనిపించింది, తీసి, రోజూ వాతావరణమూ చేసిన పనీ రాసుకునే నా పనుల పుస్తకంలో పెట్టేశాను. నువ్వు రాసి ఉంటే పదిసార్లు చదివేవాణ్ణి. ఫిల్ములు ఎలా వాడాలో ఆయన నాకు చెప్పేదేమిటి అనుకున్నాను. చెప్పించుకోకుండా నేను చేసిన ఘనకార్యం ఊరంతా చూసింది.

అప్పుడు తీసి చదివాను. నీకు తెలుసో లేదో, ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

‘బావగారికి నమస్కారాలు. ఫిల్ములు ఇలాగే వాడకండి, బొమ్మలు కనపడతాయి. గోరువెచ్చని నీళ్ళలో కాస్త బ్లీచింగ్ పౌడరు కలిపి నానబెట్టి, మెత్తని గుడ్డతో తుడిస్తే నలుపు వదులుతుంది. చేతులకి గుడ్డ చుట్టుకోండి. మూలలు మొనగా ఉండి వేళ్ళు కోసుకుంటాయి, అందుకని అన్నీ గుండ్రంగా కత్తిరించాను. పేర్లున్న అంచులు కూడా తీసేశాను. ఎవరి జబ్బు వాళ్ళది, గుడి ముందు ఉండకూడదు కదా. పొరపాటుంటే మన్నించండి.’

మూలలు తెగిన సరుకని నీకు రాశాను. మా షెడ్డులో పదిహేనేళ్లుగా పెట్టెలకి మేకులు కొడుతున్నాను. కాయ ఎత్తేవాడి చెయ్యి గీసుకుంటుందేమోనని ఒక్క మేకు మొన కూడా నేను వంచలేదు. ఎవరో తెలియని నా వేళ్ళ గురించి ఆయన కాకినాడలో కూర్చుని కత్తెర పట్టుకున్నారు.

ఇంకొకటి. చీటీ కోసం పుస్తకం తీసినవాణ్ణి నీ పెళ్ళి నాటి పేజీ కూడా తీశాను. ‘ఎండ. తోటలో ఎండుపుల్లలు ఏరాను’ అని ఉంది. ఆ రోజు నేను పుల్లలు ఏరలేదు. షెడ్డు వెనక సాయంత్రం దాకా ఊరికే కూర్చున్నాను. పొద్దున నూజివీడు దాకా బస్సులో వచ్చి, దిగి, ఉపదేశిగారు ఏమంటారో, ఊళ్ళోవాళ్ళు ఏమంటారో అని వెనక్కి తిరిగాను. ఇరవై ఏళ్ళ పుస్తకంలో నేను రాసిన అబద్ధం అదొక్కటే.

సత్యనారాయణగారినీ, నిన్నూ, లేయానూ పండక్కి రమ్మని అడుగుతున్నాను. బస్సులు కిటకిటలాడినా సరే. ఈ వాక్యం రాయడానికి ఒక కవరు పాడైంది. ఇది రెండోది.

నీ అన్నయ్య,
బాలశౌరి


కాకినాడ
20-12-1986

అన్నయ్యా,

ఒంటెల దగ్గర నేను నవ్వు ఆపుకోలేక గోడకి ఆనుకున్నాను. పెళ్ళి రోజు దగ్గర అక్కడే కూర్చుండిపోయాను. నూజివీడు దాకా వచ్చావని నాకు తెలియదు. ఈ మూడేళ్లూ అసలు ఇంట్లోంచి కదల్లేదనే అనుకున్నాను.

ఉత్తరం ఆయనకిచ్చాను. నవ్వలేదు. రెండుసార్లు చదివి, "ఆ దవడ కుడివైపుదా, ఎడమవైపుదా?" అని అడిగారు. ఉద్యోగం అలాంటిది.

కానీ అన్నయ్యా, సాయంత్రం భోజనాల దగ్గర ఆయన ఒక మాటన్నారు. కోపంగా కాదు. కోపం వస్తే నేనే సర్దిచెప్పేదాన్ని.

"మీ అన్నయ్య ఉత్తరంలో పిలిచారు, సంతోషం. ఉత్తరం నువ్వూ నేనూ చదివాం. రేపు గుమ్మం ముందు నలుగురూ నిలబడి ‘ఎవరండీ మీరు’ అంటే ఏం చెప్పాలి? నేను చెప్పను విజయా. ఆయన చెప్తే లోపలికొస్తాను. చెప్పకపోతే నువ్వూ పాపా పండగ చేసుకోండి, నేను అదే బస్సుకి వచ్చేస్తాను. నిష్ఠూరం ఏమీ లేదు."

మీ గుమ్మం గురించి నాకు తెలుసు. బుజ్జమ్మత్త, ఆవిడ వెనక వీధిలో సగం మంది. నువ్వు నలుగుర్లో నోరు తెరిచింది నేనెప్పుడూ చూడలేదు. పంపకాల్లో రావాల్సిన గట్టు పోతున్నా ఊరుకున్నవాడివి. అందుకే భయంగా ఉంది. ఆయన ఒకసారి వెనక్కి తిరిగితే మళ్ళీ ఆ ఊరికి రమ్మని నేను అడగలేను.

డ్యూటీ మార్చుకోవాలి. ఒక సిస్టరు సరేనంది గాని హెడ్ సిస్టరుగారు ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే ఇరవై నాలుగు మధ్యాహ్నానికి దిగుతాం. లేకపోతే లేదు. మళ్ళీ ఉత్తరం రాసే వ్యవధి లేదు.

నీ చెల్లెలు,
విజయరాణి


24-12-1986, బుధవారం
ఎండ కాస్తోంది. గాలి లేదు. ఫాదర్‌గారు కూర్చునే కుర్చీకి కాలు బిగించాను.

విజయా,

ఒంటిగంట బస్సు వెళ్ళిపోయింది. ఎవరూ దిగలేదు. హెడ్ సిస్టరుగారు ఒప్పుకోలేదు కాబోలు. మీరు రాకపోతే ఈ ఉత్తరం రేపు పోస్టు చేస్తాను. వస్తే ఇది దేనికీ పనికిరాదు. అయినా రాస్తున్నాను, ఎందుకంటే ఊరికే కూర్చుంటే మీ వదిన నా మొహం చూస్తోంది.

ఫిల్ములు కడిగాను. చీటీలో ఉన్నట్టు ఒక్కో మాటా చదువుతూ చేశాను. నలుపు వదిలింది. లేత నీలం మిగిలింది. బుజ్జమ్మత్త వచ్చి చూసి, "బొమికలేవీ?" అంది. కడిగేశానన్నాను. "ఆ దవడన్నా ఉంచాల్సింది, పిల్లలు చూసేవాళ్ళు" అంది. ఈ ఊరికి అలంకరణ చెయ్యడం ఎవరి వల్లా కాదు.

నువ్వు రాసిన మాట గురించి రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను. గుమ్మం దగ్గర ఏమనాలో ఒక కాగితం మీద రాసుకున్నాను. ‘ఈయన మా చెల్లెలి భర్త’ అని రాసి కొట్టేశాను. కోర్టులో చెప్పినట్టుంది. ‘కాకినాడ నుంచి వచ్చారు, ఎక్స్‌రేలు తీస్తారు’ అని రాశాను. అది తప్పించుకోవడం. నిన్న గేదె దగ్గర ఎవరూ లేనప్పుడు గట్టిగా ఒకసారి అని చూశాను. "మా బావగారండీ." గేదె తల తిప్పి చూసింది. అంత చిన్న మాట. దానికి మూడేళ్లు పట్టింది, పైగా విన్నది గేదె.

పొద్దున గుడి దగ్గర ఉపదేశిగారు, "మీ చెల్లెలు వస్తోందటగా, రిబ్కమ్మ చెప్పింది. ఒక్కతేనా?" అని అడిగారు. అక్కడ ఏడెనిమిది మంది ఉన్నారు. "ఆఁ, చూడాలండీ" అన్నాను. చూడాలట. ఏం చూడాలి? ఇంటికొచ్చేదాకా నన్ను నేను తిట్టుకుంటూ వచ్చాను. రేపు పోస్టు చేసే ఉత్తరంలో ఇది కూడా ఉండాలని రాస్తున్నాను. నువ్వు భయపడింది నిజమే.

ఇక ఈ రోజు పనులు. కుర్చీ సంగతి పైన రాశాను. పశువులపాకలో కొత్త గడ్డి పరిచాను. గుడి గుమ్మానికి గాజుల గొలుసు కట్టాను. పదకొండింటికి అరుగు అలికి...

మూడింటి బస్సు హారను. అది ఎప్పుడూ ఆలస్యమే, ఈ రోజు ముందొచ్చింది. రిబ్కమ్మ ఇప్పుడే చెరువుకి వెళ్ళింది, ఇంట్లో నేనొక్కణ్ణే.

బయట ఎవరో మగమనిషి. "బాలశౌరిగారి ఇల్లు ఇదేనాండీ?" అంటున్నారు. మెత్తని గొంతు. ఈ గొంతు నేనెప్పుడూ వినలేదు. చంటిపిల్ల ఏదో అంటోంది.

"ఇదే. ఎవరు బాబూ మీరు? ఏమవుతారు వాళ్ళకి?" బుజ్జమ్మత్త. ఉపదేశిగారి దగ్గు కూడా వినపడింది. ఇంకా ఎవరెవరో.

ఆయన బదులు చెప్పడం లేదు. నువ్వూ చెప్పడం లేదు. మళ్ళీ అడుగుతోంది అత్త.

ఇక్కడ కూర్చుని ఇదంతా రాయడం కూడా నా పిరికితనమే. అలికి, ముగ్గు సంగతి తర్వాత; ఆ చిన్న మాట ఈసారి వీధి వినేలా చెప్పడానికి లేస్తున్నాను.